తక్కువ బడ్జెట్‌లో క్యాంపింగ్ సామాను: ఏది ముందు కొనాలి, డబ్బు దేనికి పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. క్యాంపింగ్ కొత్తగా మొదలుపెడుతున్నారు. ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా ఒకటి రెండు రాత్రులు బయట గడపాలని ఉంది. వచ్చే సీజన్‌లో లైసెన్స్ ఉన్న బంధువు వెంట వేటకు తోడుగా వెళ్ళే అవకాశమూ ఉంది. చేతిలో డబ్బు తక్కువ. టెంట్, స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్, స్టవ్, లైటు అన్నీ ఒకే డబ్బాలో పెట్టి అమ్మే సెట్ కొనేయొచ్చా, లేక విడివిడిగా కొనాలా, కొంటే ఏది ముందు?

సెట్ కొనకండి. విడివిడిగానే కొనండి. మీ డబ్బులో పెద్ద వాటా మూడింటికి పోవాలి: కాళ్ళకు సరిపోయే బూట్లు, ఒంటి కింద మ్యాట్‌తో కలిపి స్లీపింగ్ బ్యాగ్, వాన ఆపే కోటు. టెంట్‌ను మొదటి రెండు మూడు సార్లు అద్దెకో, తెలిసినవాళ్ళని అడిగో తెచ్చుకోండి. వీపు సంచి అన్నిటికన్నా చివర కొనండి. మిగతావాటిలో సగం మీ ఇంట్లో ఇప్పటికే ఉంటాయి.

ఇలా ఎందుకంటున్నానో చెప్తాను. ఇరవై ఏళ్ళుగా బయట పడుకుంటున్నాను. కొత్తవాళ్ళని వెంట తీసుకెళ్ళడం, నా సామాను వాళ్ళకి అరువివ్వడం అలవాటు. మొదటి ట్రిప్‌తోనే మళ్ళీ రాని వాళ్ళని కూడా చాలామందినే చూశాను. వాళ్ళలో ఎవరిని అడిగినా చెప్పే కారణాలు మూడే. రాత్రి చలికి నిద్ర పట్టలేదు, కాళ్ళు బొబ్బలెక్కాయి, తడిసి ముద్దయ్యాం. స్టవ్ మీద నీళ్ళు ఆలస్యంగా కాగాయనో, గిన్నె పాతదనో మానేసినవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. అందుకే డబ్బు కూడా ఆ మూడు చోట్లకే వెళ్ళాలి.

సెట్లలో సమస్య ఏమిటంటే వస్తువుల సంఖ్య ఎక్కువ కనిపించాలి, ధర తక్కువ కనిపించాలి. కోత పడేది పైకి కనపడని చోటే: టెంట్ కడ్డీలు, కుట్ల మీద టేపు, బ్యాగ్ లోపలి దూది, మ్యాట్ మందం. అంటే మీకు రాత్రి అవసరమయ్యేవన్నీ నాసిరకంగా, అవసరం లేని చెంచాలూ కొక్కేలూ దండిగా వస్తాయి.

ముందు మ్యాట్ గురించి. ఎక్కువమంది దీన్ని మెత్తదనం కోసం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మొదటి చలికాలంలో మంచి మందపాటి స్లీపింగ్ బ్యాగ్ కొని, కింద వేసుకోవడానికి ఇంట్లో వాడే గాలి పరుపు పట్టుకెళ్ళాను. జానెడు ఎత్తున మెత్తగా ఉంది. అర్ధరాత్రి దాటేసరికి పైన ఛాతీ దగ్గర చెమట, కింద నేలకు ఆనిన భుజమూ తుంటీ మాత్రం రాయిలా చల్లగా అయిపోయాయి. అటు తిరిగితే అటు చలి, ఇటు తిరిగితే ఇటు చలి. పక్క టెంట్లో స్నేహితుడు లేచి తన దగ్గర అదనంగా ఉన్న వేలెడు మందం ఫోమ్ మ్యాట్ ఇచ్చాడు. అది పరుపు మీద పరుచుకున్నాక తెల్లారేదాకా కదల్లేదు.

జరిగింది ఇదీ. బ్యాగ్ వెచ్చగా ఉంచేది దాని లోపల నిలిచిన గాలితోనే. మన బరువుకి కింది భాగం నలిగి ఆ గాలంతా పోతుంది, ఇక అక్కడ బ్యాగ్ ఉన్నా లేనట్టే. గాలి పరుపులో గాలి ఉంది కదా అంటే, అది నిలకడగా ఉండదు. ఒంటి దగ్గర వేడెక్కిన గాలి లోపలే తిరిగి ఆ వేడిని నేలకు అప్పజెప్తూ ఉంటుంది. నేల ఎంత తీసుకున్నా నిండదు.

మ్యాట్ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెని ఆర్-వాల్యూ అంటారు. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చాక వేర్వేరు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలు కలిగింది. ఉజ్జాయింపుగా వేసవి రాత్రులకి 1 నుంచి 2, ఓ మోస్తరు చలికి 2 నుంచి 4, నేల గడ్డకట్టే చలికి 5 పైన కావాలి. లోపల ఏ పొరా లేని ఉత్త గాలి మ్యాట్ 1 చుట్టుపక్కలే ఉంటుంది. మడతపెట్టే గుంతల ఫోమ్ మ్యాట్ సుమారు 2 ఇస్తుంది. బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్ళకి పనికొచ్చే సంగతి ఇక్కడుంది: రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి. కాబట్టి ముందు ఫోమ్ మ్యాట్ కొనండి. ముల్లు గుచ్చుకున్నా ఏమీ కాదు, వంటప్పుడు కింద వేసుకుని కూర్చోవచ్చు, ఏళ్ళ తరబడి ఉంటుంది. తర్వాత డబ్బు కూడినప్పుడు గాలి నింపే మంచి మ్యాట్ కొనుక్కుని దీని మీద వేసుకోండి. ఫోమ్ మ్యాట్ కొన్న డబ్బు ఎక్కడికీ పోదు.

స్లీపింగ్ బ్యాగ్ దగ్గర చాలామంది మోసపోయేది సంచి మీద పెద్దగా రాసిన ఉష్ణోగ్రత చూసి. ఐఎస్ఓ 23537 ప్రకారం పరీక్షించిన బ్యాగ్ లేబుల్ మీద సాధారణంగా కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలుంటాయి. మొదటిది హాయిగా నిద్రపోగలిగేది. రెండోది ముడుచుకుని పడుకుంటే ఎలాగో తెల్లారేది. మూడోది నిద్రకు సంబంధించినదే కాదు, ప్రాణాపాయం దగ్గరి గీత. సంచి మీద పెద్ద అక్షరాల్లో ఏ అంకె వేశారో చూడండి. నేను కొనేటప్పుడు కంఫర్ట్ ఒక్కటే చూస్తాను, అది కూడా నేను ఊహించే చలికన్నా నాలుగైదు డిగ్రీలు కిందికి ఉండేలా. ఈ అంకెలు ఏవీ ఇవ్వకుండా "అన్ని కాలాలకూ" అని రాసిన బ్యాగ్‌ని ముట్టుకోవద్దు.

ఈకలతో నింపిన డౌన్ బ్యాగ్ తేలిక, చిన్నగా మడుస్తుంది, ధర ఎక్కువ, తడిస్తే ఉండకట్టి వెచ్చదనం పోతుంది. సింథటిక్ బరువు, కానీ తడిసినా కొంతైనా పనిచేస్తుంది, ఇంట్లో తేలిగ్గా ఉతుక్కోవచ్చు. మొదటి బ్యాగ్‌గా సింథటిక్ తీసుకోమనే చెప్తాను. ఏదైనా సరే, ఇంటికొచ్చాక ఇరుకు సంచిలో కుక్కి ఉంచకండి. ఏడాదంతా నలిగి ఉంటే లోపలి దూది మళ్ళీ పైకి లేవదు. పెద్ద గుడ్డ సంచిలో వదులుగా వేయండి, లేదా వేలాడదీయండి.

మరో మాట. కారు పక్కనే టెంట్ వేసుకునేటట్టయితే బరువుతో పని లేదు కాబట్టి మొదటి ట్రిప్‌కి బ్యాగ్ కూడా అక్కర్లేదు. ఫోమ్ మ్యాట్ మీద ఇంట్లోని మందపాటి దుప్పట్లు రెండు చాలు. ఒంటికి తగిలిన ప్రతి చెమట బట్టా మార్చి పొడివి వేసుకుని, మూత గట్టిగా ఉన్న సీసాలో వేడినీళ్ళు పోసి, మేజోడులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. బ్యాగ్‌లో పడుకునేవాళ్ళకి కూడా ఇదే చెప్తాను.

ఇక టెంట్. అద్దెకు తెచ్చినా రేపు కొన్నా చూడాల్సినవి ఇవి. పై కప్పు నేల దగ్గరిదాకా రావాలి. టోపీలా నెత్తిన మాత్రమే ఉండేవి గాలివాన వస్తే పక్కలనుంచి తడుపుతాయి. కడ్డీలు అల్యూమినియంవైతే మంచిది. ఫైబర్‌గ్లాస్ కడ్డీ చవక, కానీ అది వంగి ఊరుకోదు, నిలువునా చీలుతుంది, ఆ చీలిక అరచేతిలో దిగితే పీకడం కష్టం. మీకు దొరికింది ఫైబర్‌గ్లాస్‌దే అయితే ఎండలో వదిలేయకుండా, చీలిక మొదలైన చోట టేపు చుట్టి వాడుకోండి. నీటిని ఆపే శక్తిని మిల్లీమీటర్లలో రాస్తారు. పై కప్పుకి 1500, మన మోకాళ్ళూ మోచేతులూ నొక్కే నేలకి 3000 ఉంటే మామూలు వానలకు చాలు. ఆ అంకె ఇంకా పెద్దదైతే టెంట్ ఇంకా మంచిదని కాదు, నీళ్ళు కారేది దాదాపుగా కుట్ల దగ్గరే. "ఇద్దరికి" అని రాస్తే ఇద్దరు భుజాలు రాసుకుంటూ పడుకోవడానికని అర్థం. సామాను లోపల పెట్టుకోవాలంటే రాసినదానికి ఒకరిని కలిపి కొనండి.

కొన్న టెంట్‌ని నేరుగా అడవికి తీసుకెళ్ళవద్దు. ఇంటి దగ్గర వేసి, కప్పు మీద పది నిమిషాలు పైపుతో నీళ్ళు కొట్టి, లోపల కూర్చుని చేత్తో కుట్ల వెంబడి తడుముతూ పోండి. ఎక్కడ తడి తగిలితే అక్కడ సీమ్ సీలర్, అంటే కుట్ల సందులు మూసే జిగురు, రాయండి. చిన్న ట్యూబు చాలు, బ్రష్‌తో రాసి ఒక రాత్రి ఆరనివ్వాలి. కప్పుకి ఏ పూత ఉంటే దానికి తగిన సీలరే కొనండి, సిలికాన్ పూత మీద మామూలు సీలర్ అంటుకోదు. టెంట్ కింద పరిచే పట్టా టెంట్ నేలకన్నా కొంచెం చిన్నదిగా ఉండాలి, అంచులు బయటికొస్తే వాన నీటిని పట్టి మీ కిందికే తెస్తుంది. తెల్లారి లోపలి గోడ తడిగా ఉంటే టెంట్ కారిందని కంగారు పడకండి. అది మీ ఊపిరిలో తేమే, కిటికీ కొంచెం తెరిచి ఉంచితే తగ్గుతుంది.

బూట్లకి బ్రాండ్ కన్నా మీ పాదమే ముఖ్యం. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నడిచేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే వెళ్ళి వేసి చూడండి. వాలుగా ఉన్న చోట కిందికి దిగినట్టు నడిస్తే బొటనవేలు ముందుకి తగలకూడదు, ఎక్కినట్టు నడిస్తే మడమ పైకి లేవకూడదు. ఈ రెండూ సరిపోతే తక్కువ ధర జత అయినా తీసుకోండి, సరిపోకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు. చదునైన దారిలో ఒక పూట నడకకి మామూలు రన్నింగ్ షూ కూడా చాలు. మేజోళ్ళు మాత్రం నూలువి వద్దు, ఉన్నివో సింథటిక్‌వో కొనండి. పాదం ఎక్కడైనా చురుక్కుమంటే అప్పుడే ఆగి టేపు వేయండి. ఇంకో కిలోమీటరు నడిచాక చూద్దాం అనుకుంటే అప్పటికే బొబ్బ.

బట్టలకి కొత్తగా పెద్ద ఖర్చు అక్కర్లేదు. చలిలో నూలు బట్ట చెమట పీల్చుకుని ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఇంట్లో ఉన్న పాలిస్టర్ టీషర్టు, ఉన్ని స్వెట్టర్ లేదా ఫ్లీస్, వాటి మీద వాన కోటు, ఇంతే. వాన కోటుకి లోపలి కుట్లన్నిటి మీదా టేపు ఉందో లేదో తిరగేసి చూడండి. కొన్నేళ్ళకి కోటు మీద నీళ్ళు బొట్లుగా జారకుండా ఇంకుతుంటే పాడైందని పారేయకండి. లేబుల్ మీద రాసినట్టు ఉతికి, తక్కువ వేడిమీద ఆరబెడితే చాలాసార్లు పై పూత మళ్ళీ పనిచేస్తుంది.

వేట విషయం. వేట చట్టాలు చోటును బట్టి పూర్తిగా మారతాయి, కొన్ని దేశాల్లో దాదాపు మొత్తంగా నిషేధం. తోడుగా వెళ్ళేవారికి కూడా ఏ అనుమతులు కావాలో మీ బంధువుని, అక్కడి అటవీ అధికారులని అడిగి తెలుసుకోండి. ఒక్క వస్తువు కొనేముందే ఆ పని జరగాలి. తుపాకీ సంగతి ఆయన చూసుకుంటారు, తోడు వెళ్ళే మీకు అక్కర్లేదు.

మీరు కామోఫ్లాజ్ సూట్, అంటే చుట్టూ ఉన్న చెట్లలో కలిసిపోయే మచ్చల బట్టలు, కొనాలా అని అడిగారు. వద్దు. జింక జాతి జంతువులకి ఎరుపు, నారింజ రంగులు మనకి కనిపించినట్టు కనిపించవు, నీలం వైపు రంగులు మాత్రం బాగా పట్టేస్తాయి. అవి మనల్ని పసిగట్టేది ముఖ్యంగా వాసనతో, కదలికతో, చప్పుడుతో. గాలి మీ వీపు వైపునుంచి వీస్తుంటే ఎంత ఖరీదైన సూట్ వేసినా లాభం లేదు. కాబట్టి ముదురు మట్టి రంగు పాత ఉన్ని బట్టలు తీసుకెళ్ళండి. కదిలితే గరగరలాడే నైలాన్ కన్నా ఉన్ని, ఫ్లీస్ నయం. బట్టలకి మెరుపు తెచ్చే డిటర్జెంట్‌తో మాత్రం ఉతకవద్దు, ఆ మెరుపు జింకల కంటికి ఆనుతుంది. నారింజ రంగు చొక్కా, టోపీకి మాత్రం వెనకాడకండి. తుపాకీ వేట జరిగే చాలా చోట్ల అది చట్టరీత్యా తప్పనిసరి, తప్పనిసరి కాని చోట కూడా నేను అది లేకుండా అడుగు పెట్టను. దూరాన పొదలో కదిలింది మనిషి అని తోటి వేటగాడికి తెలిసేది దాంతోనే.

వేట కోసం కాస్త డబ్బు పెట్టదగ్గది బైనాక్యులర్స్. 8×42 తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు వస్తుంది, ఇక్కడ 5 మిల్లీమీటర్ల పైచిలుకు. జంతువులు తిరిగేది తెల్లవారుజామున, మునిమాపున, వెలుతురు తక్కువ ఉన్నప్పుడే కాబట్టి ఈ అంకె పనికొస్తుంది. జేబులో పట్టే 10×25 లో అది రెండున్నరే, చీకటి పడేసరికి ఏమీ కనిపించదు. పది రెట్లు దాటినవి చేత్తో పట్టుకుంటే బొమ్మ వణుకుతూ ఉంటుంది. పెట్టె మీద 30×, 50× అని వేసి చవగ్గా అమ్మేవాటి జోలికి పోకండి. ఇవి వేటకు పోకపోయినా పక్షులు చూడటానికి జీవితాంతం పనికొస్తాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్టవ్‌కి చిన్న గ్యాస్ డబ్బా మీద బిగించే సాదా రకం చాలు. డబ్బాలో ఏముందో చదవండి. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, చలిలో ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినది కావాలి. ఏ స్టవ్‌నీ టెంట్ లోపల వెలిగించవద్దు. మంటలు అంటుకోవడం ఒక ప్రమాదం, కార్బన్ మోనాక్సైడ్ ఇంకోటి, దానికి రంగూ వాసనా లేవు. గిన్నెలు ఇంట్లోవే. లైటుకి నుదుటికి కట్టుకునేది, 200 నుంచి 300 ల్యూమెన్ల (వెలుతురు కొలత) ది సరిపోతుంది. ఎర్ర లైటు కూడా ఉన్నదైతే చీకటికి అలవాటుపడిన కళ్ళు చెదరవు. నీళ్ళకి అన్నిటికన్నా చవకైన దారి మరిగించడమే. తెర్లాక ఒక నిమిషం, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. ఫిల్టర్ కొంటే అది గడ్డకట్టే చలిలో రాత్రి బయట వదలకండి, లోపలి గొట్టాలు పగిలినా పైకి తెలియదు.

సెకండ్ హ్యాండ్ సామాను గురించి అడిగారు. నా సామానులో సగం అలా వచ్చిందే. కానీ టెంట్ కొనేముందు కప్పు విప్పి లోపలి వైపు అరచేత్తో రుద్ది, వాసన చూడాలి. ఒకసారి తొందరలో నేను ఆ పని చేయలేదు. ఇంటికొచ్చి విప్పితే లోపలి పూత చేతికి జిగురులా అంటుకుంది, పుల్లటి ముక్కిన వాసన. తేమలో ఏళ్ళ తరబడి మడిచి ఉంచితే ఆ పాలీయురేథేన్ పూత అలా విడిపోతుంది, బాగుచేయడం అయ్యేపని కాదు. పాత బూట్లయితే మడమ దగ్గర సోల్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. వాడకుండా అల్మరాలో ఉన్న జత కూడా లోపల పొడి పొడిగా రాలిపోవచ్చు. గాలి మ్యాట్‌ని నింపి ఒక రాత్రి వదిలి చూడాలి. వాడిన వాటర్ ఫిల్టర్ అసలు కొనవద్దు.

జిప్పు పోయిందని తగ్గించి అమ్ముతుంటే మాత్రం సంతోషంగా కొనండి. చాలాసార్లు పళ్ళు బాగానే ఉంటాయి, జారే ముక్క అరిగి నోరు వెడల్పై పట్టు కోల్పోతుంది. పటకారుతో దాని వెనక అంచుని ఒకపక్క, తర్వాత రెండోపక్క, వెంట్రుకవాసి నొక్కాలి. లాగి చూడాలి, పట్టకపోతే మరో వెంట్రుకవాసి. ఒకేసారి గట్టిగా నొక్కితే అది విరుగుతుంది. ఇలా నొక్కిన జిప్పులతో నా టెంట్ ఒకటి ఆరేళ్ళు నడిచింది.

వీపు సంచి చివర కొనమన్నది ఎందుకంటే, మీ సామాను ఎంత జాగా పడుతుందో అన్నీ చేరాక గానీ తెలియదు. ముందే 70 లీటర్లది కొంటే ఖాళీ ఉంది కదా అని నింపేస్తారు, మోసేది మీరే. కొనేరోజు సామానంతా దుకాణానికి పట్టుకెళ్ళి అందులోనే సర్ది, పావుగంట వేసుకుని తిరగండి. నడుం పట్టీ తుంటి ఎముకల మీద కూర్చుని, బరువులో ఎక్కువ భాగం అక్కడ ఆగాలి. భుజం పట్టీలు సంచి వెనక్కి వాలకుండా పట్టుకోవడానికే. వీపు పొడవు కుదరకపోతే ఏ పట్టీ బిగించినా లాభం ఉండదు.

మీరు వెళ్ళే చోట రాత్రి ఎంత చలి పడుతుందో, కారు దగ్గరే ఉంటారా లేక మోసుకుని నడుస్తారా, మీ ఎత్తు ఎంత, ఈ మూడూ రాయండి. బ్యాగ్ పొడవు, కంఫర్ట్ అంకె, మ్యాట్ ఏ రకం తీసుకోవాలో అప్పుడు కచ్చితంగా చెప్తాను.